పోప్ పద్యంలో ‘పుచ్చుకొను’, ‘పారేసుకొను’

ఆంగ్ల కవి అలెగ్జాండర్ పోప్ రాసిన ‘ది రేప్ ఆఫ్ ది లాక్’లో ఒకే క్రియను రెండు అర్థాల్లో వాడే చమత్కారం తెలుగులోకి రాదని మిత్రులు కొందరు అభిప్రాయపడ్డారు. రెండు మూడు పంక్తులను పదం పదంగా చూసిన మీదట నాకు అలా అనిపించలేదు.

సందర్భం క్లుప్తంగా చెబుతాను. లార్డ్ పీటర్ అనే యువకుడు అరబెల్లా ఫెర్మర్ జుట్టులోంచి ఒక పాయను ఆమె అనుమతి లేకుండా కత్తిరించడంతో రెండు కుటుంబాల మధ్య మనస్పర్థలు వచ్చాయి. వాటిని నవ్వుతో పోగొట్టమని మిత్రుడు జాన్ కేరిల్ కోరగా, పోప్ ఆ చిన్న సంఘటనను గ్రీకు మహాకవి హోమర్ ఫక్కీలో వీరకావ్యంగా మలిచాడు. అందులో అరబెల్లా బెలిండాగా, పీటర్ బారన్‌గా కనిపిస్తారు. 1712లో రెండు సర్గలుగా వెలువడిన ఆ కావ్యం 1714 నాటికి ఐదు సర్గలయింది.

మూడవ సర్గ మొదట్లో హాంప్టన్ కోర్ట్ రాజభవనాన్ని వర్ణిస్తూ, కవి ఆన్ రాణిని ఇలా సంబోధిస్తాడు: ‘మూడు రాజ్యాలు తలవంచే ఓ మహారాణీ, ఇక్కడ నీవు ఒక్కొక్కప్పుడు సలహా పుచ్చుకుంటావు, ఒక్కొక్కప్పుడు టీ.’ మూలంలో ‘టేక్’ అన్న ఒకే క్రియ రాజ్యతంత్రాన్నీ తేనీటి కప్పునూ మోస్తుంది. మనకు ‘తీసుకొను’ కూడా సరిపోతుంది కానీ, ‘సెలవు పుచ్చుకొను’, ‘కాఫీ పుచ్చుకోండి’ అనే వాడుకల్లోని మర్యాద వల్ల ‘పుచ్చుకొను’ రాణివాసానికి ఇంకా బాగా నప్పుతుంది. పైగా ఇంగ్లీషులో సహజంగా ముందు రావలసిన క్రియను పోప్ ‘సలహా’ తరువాతకు జరిపాడు; మనకు అదే సహజమైన వరుస. పోయేదల్లా అంత్యప్రాస: ఆ కాలంలో ‘టీ’ని ‘టే’ అని పలికేవారు కనుక అది పై పంక్తి చివరి ‘ఒబే’తో కలిసింది.

రెండవ సర్గలో బెలిండాను కాపాడే గాలి దేవతల నాయకుడు ఏరియల్, రానున్న ఆపద ఏమిటో తెలియక, తన పరివారాన్ని హెచ్చరిస్తాడు: ఆమె పరువుకు మరక అంటుతుందో, కొత్త జరీపట్టుకు అంటుతుందో, నాట్యపు విందులో మనసు పారేసుకుంటుందో, కంఠహారమే పారేసుకుంటుందో! ‘మచ్చ’ అంటే పరువుకు బాగా కుదురుతుంది కానీ పట్టుబట్టకు అంతగా పొసగదు; ‘మరక’ రెండింటికీ అంటుతుంది. ‘మనసు పారేసుకొను’ అన్నది మనం రోజూ అనే మాటే కనుక ఇక్కడ అనువాదకుడు వెతుక్కోవలసినది ఏమీ లేదు. రెండూ ప్రస్తుతాలే (అంటే కవి చెప్పదలచిన విషయాలే), క్రియ ఒక్కటే, దాని అర్థాలు మాత్రం రెండు కనుక, మన ఆలంకారికుల పరిభాషలో దీన్ని శ్లేషతో కూడిన తుల్యయోగిత అనే అలంకారంగా చెప్పవచ్చునని నా అభిప్రాయం. పరువునూ పట్టుబట్టనూ ఒకే తక్కెడలో తూచే ఆ లోకాన్ని కవి వేరే వ్యాఖ్యానం లేకుండా ఒక్క క్రియతో చూపించాడు.

ఇక పేరు సంగతి. ‘లాక్’ అంటే జుట్టుపాయ; ‘రేప్’ ఇక్కడ లాటిన్ మూలాన్ని బట్టి ఎత్తుకుపోవడమే. ఇటలీ కవి తస్సోని 1622లో ప్రచురించిన బొక్కెన అపహరణ కావ్యం పేరులోనూ ఆ ధాతువే ఉంది. అయితే తెలుగు పేరుగా సూచనకు వచ్చిన ‘ముంగురుల అపహరణం’ నాకు సమ్మతం కాదు. బెలిండా పెంచుకున్న రెండు పాయలు మెడ వెనుక వేలాడతాయి, ఆమె కాఫీ ఆవిరుల మీదికి తల వంచినప్పుడు బారన్ వెనుక నుంచే కత్తెర చాస్తాడు. అందుచేత ‘అలకాపహరణం’ అంటే బాగుంటుంది. అలకలంటే ముంగురులేనని మనం అనుకుంటాం కానీ, అమరకోశం ‘అలకాశ్చూర్ణకుంతలాః’ అని వంకీల జుట్టునంతటినీ అలకలుగా చెప్పి, నుదుటి మీద పడేవాటికి ‘భ్రమరకాలు’ అని వేరే పేరు పెట్టింది. ‘అలకాపహరణం’ అనగానే నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’ గుర్తుకు వస్తుంది, దానితోపాటే ఒక్క పువ్వు కోసం సత్యభామ పూనిన అలక కూడా.