‘సీనియర్ సిటిజన్’ అని ఎవరిని అనాలి?

విశ్రాంత గుమాస్తా:
2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల సంక్షేమ చట్టం 60 ఏళ్లు నిండిన ప్రతి భారతీయుణ్ణీ సీనియర్ సిటిజన్‌గా గుర్తించింది. అయినా 65 దాటితేనే ఆ మాట వర్తిస్తుందని మా కాలనీ సంఘంలో కొందరు పట్టుబడుతున్నారు. చట్టం తేల్చాక ఇంకా వాదమెందుకు?

కృష్ణాతీరం:
అంతటా ఒకే లెక్క లేదండీ. ఆదాయపు పన్నులో 60కి సీనియర్, 80కి సూపర్ సీనియర్. రైల్వే రాయితీ ఉన్న రోజుల్లో పురుషులకు 60, స్త్రీలకు 58 ఏళ్లు నిండితే చాలు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగి పదవీ విరమణ 62కి కాబట్టి, ఆయన చివరి రెండేళ్లూ సీనియర్ సిటిజన్‌గానే కొలువు చేస్తున్నారు.

విశ్రాంత గుమాస్తా:
ఆ రైల్వే రాయితీని 2020 మార్చిలోనే ఆపేశారు. లేనిదాన్ని సాక్ష్యంగా తేవద్దు.

కృష్ణాతీరం:
ఆపింది రాయితీని, 58 అన్న నిర్వచనాన్ని ఎవరూ తప్పనలేదు.

గోదావరి:
విషయం రైలు దగ్గరే ఆగిపోయింది.

పాలమూరు బిడ్డ:
మీ ఇద్దరికీ నెలనెలా పింఛను వస్తుంది కనుక 58, 60 అంటూ తీరిగ్గా వాదించుకోగలుగుతున్నారు. మా అమ్మ మోకాలి లోతు బురదలో నాట్లు వేసీ వేసీ, 50 దాటేసరికే నడుము వంగి పనికి దూరమైంది. ఆమె ఏ నిర్వచనంలోకి వస్తుంది?

విశ్రాంత గుమాస్తా:
పింఛను నాకెవరూ దానంగా ఇవ్వలేదు, ఆ మాట వెనక్కి తీసుకోండి. నేను 60 అంకెను పట్టుకు వేలాడడానికి కారణముంది. ఒక బ్యాంకులో వృద్ధుల వరుసలో నిలబడితే, “మీరు గట్టిగానే ఉన్నారు కదా, అటు వెళ్లండి” అని అందరి ముందూ పంపించేశారు. అంకెను సడలిస్తే, ఎవరు వృద్ధులో కౌంటర్‌లో కూర్చున్నవారు ముఖం చూసి నిర్ణయిస్తారు.

పాలమూరు బిడ్డ:
మీకు జరిగింది అన్యాయమే, కానీ మా అమ్మ వయసును నిర్ణయించింది కూడా ఎదుటివారి చూపే. పుట్టిన తేదీ కాగితం లేనందున, ఆధార్ నమోదు చేసినవారు ఆమెను చూసి ఒక సంవత్సరం ఊహించి, జనవరి 1 అని రాసేశారు. తెలంగాణలో ఆసరా వృద్ధాప్య పింఛను వయసును 65 నుంచి 57కు తగ్గించినా, ఆ ఊహించిన సంవత్సరం వల్ల ఆమెకు అందలేదు. మీకు రక్షణగా ఉన్న అంకె ఆమెకు అడ్డుగోడ అయింది. కాయకష్టం చేసినవారికి వేరే వయసు పెట్టాలంటున్నాను. మీ 60 మీకు ఉండనీయండి.

విశ్రాంత గుమాస్తా:
వేరే వయసు పెట్టినా, దాన్ని రుజువు చేయడానికి మళ్లీ ఆ ఆధారే అడుగుతారు కదా. ముందు ఆమె తేదీ సరిచేయించండి.

పాలమూరు బిడ్డ:
సరిచేయాలంటే జనన ధ్రువపత్రం తెమ్మన్నారు. లేనిది అదే.