వాడిన వంటనూనె ఎవరికి దక్కాలి: రోడ్డు మీది లారీకా, ఆకాశంలోని విమానానికా?

చిన్నడ్రమ్ము (చర్చ మొదలుపెట్టినవారు):

పదకొండేళ్లుగా వంటశాలల నుంచి వాడిన నూనె సేకరించి బయోడీజిల్ తీసే చిన్న యూనిట్ నడుపుతున్నాను. గత రెండేళ్లలో నాకు నూనె ఇచ్చేవారు ఒక్కొక్కరుగా ఒక పెద్ద సేకరణ సంస్థ వైపు వెళ్లిపోయారు. ఆ సంస్థ నూనెను ఓడలకెక్కించి, విమాన ఇంధనం చేసే రిఫైనరీలకు అమ్ముతుంది. ఎక్కువ ధర పెట్టినవాడికే సరుకు దక్కుతుందని నాకూ తెలుసు. నా పేచీ ఆ ఎక్కువ ధర ఎక్కడి నుంచి పుడుతోందన్న దాని మీదే. ఐరోపా సమాఖ్య 2025 నుంచి తన విమానాశ్రయాలకు చేరే ఇంధనంలో కనీసం 2 శాతం సుస్థిర ఇంధనం, అంటే ముడిచమురు నుంచి కాక వ్యర్థ నూనెల వంటివాటి నుంచి తీసినది, ఉండాలని చట్టం చేసింది. ఆ వాటా 2030కి 6 శాతానికి, 2050కి 70 శాతానికి చేరాలి. ఈ లక్ష్యాన్ని అందుకోవడానికి ఇప్పటికి చేతిలో ఉన్న తేలిక దారి వ్యర్థ నూనెలూ కొవ్వులే కాబట్టి అందరి చూపూ మా డ్రమ్ముల మీదే పడింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. వాడిన నూనె పంట కాదు. ధర పెరిగిందని ఎవరూ అదనంగా నాలుగు వాయిలు వేయించరు. ఉన్న నూనె ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారుతుందంతే. నా బయోడీజిల్‌తో తిరిగిన లారీ రేపటి నుంచి మళ్లీ మామూలు డీజిల్ పోసుకుంటే, విమానం దగ్గర తగ్గిందని రాసుకున్న కర్బనం లారీ దగ్గర పెరిగినట్టే కదా. ఈ లెక్కలో పొరపాటుంటే చూపించండి.

రెక్కలు:

చిన్నడ్రమ్ము గారూ, మీ లెక్క ఈ ఏటికి సరిపోతుంది, వచ్చే ఇరవై ఏళ్లకు సరిపోదు. లారీకి బ్యాటరీ అనే ఇంకో దారి ఉంది, దూరప్రయాణ విమానానికి లేదు. కిలో విమాన ఇంధనంలో సుమారు 43 మెగాజౌళ్ల శక్తి ఉంటే, నేటి మామూలు లిథియం బ్యాటరీలో కిలోకు ఉండేది సుమారు ఒక్క మెగాజౌలే. ఆ బరువుతో మహాసముద్రం దాటడం అయ్యే పని కాదు. 2023 నవంబరు 28న లండన్ నుంచి న్యూయార్క్‌కు ఒక విమానం పూర్తిగా సుస్థిర ఇంధనంతోనే ఎగిరి చేరింది, ఆ ఇంధనంలో ఎక్కువ భాగం వ్యర్థ కొవ్వుల నుంచి తీసిందే. దొరికేది తక్కువైనప్పుడు వేరే గతి లేనివారికి ముందు ఇవ్వడం న్యాయం కాదా?

చిన్నడ్రమ్ము:

న్యాయమే, ఆ ఇచ్చేది వారి అవసరాన్ని కాస్తయినా తీర్చేటట్టయితే. 2024లో ప్రపంచం మొత్తం మీద తయారైన సుస్థిర విమాన ఇంధనం సుమారు 10 లక్షల టన్నులని అంతర్జాతీయ విమానయాన సంస్థల సంఘమే చెప్పింది, అది ఆ ఏడాది విమానాలు కాల్చిన ఇంధనంలో 0.3 శాతం. ప్రపంచంలోని బాణళ్లన్నీ ఒంపినా ఈ దాహం తీరదు.

తయారీలోని తేడా కూడా చూడండి. నా షెడ్డులో జరిగే పని చాలా సాదా. నూనెను వడకట్టి, వేడిచేసి నీరు పోగొడతాను. చిన్న నమూనా తీసి ఆల్కహాల్‌లో కలిపి, క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేసి, గులాబీ రంగు నిలిచేదాకా క్షారం బొట్టుబొట్టుగా వదులుతాను. ఆ బొట్ల లెక్కే నూనె ఎంత మాడిందో, ఉత్ప్రేరకం ఎంత పెంచాలో చెబుతుంది. లెక్క తప్పితే ట్యాంకులో బయోడీజిల్‌కు బదులు సబ్బు మిగులుతుంది, మొదటి ఏడాది నేను చాలా సబ్బే చేశాను. తర్వాత మిథనాల్, ఉత్ప్రేరకంగా పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపి 60 డిగ్రీల లోపు వేడిలో గంటో రెండు గంటలో తిప్పి వదిలేస్తే, తెల్లారేసరికి నల్లటి గ్లిజరిన్ అడుగున దిగి, తేనెరంగు ఇంధనం పైన నిలుస్తుంది. అదే నూనెను విమానానికి పనికొచ్చేలా చేయాలంటే అధిక పీడనంలో హైడ్రోజన్ ఎక్కించి, ఆపైన అణువులను చిన్నవిగా విరగ్గొట్టాలి. అలా విరగ్గొట్టేటప్పుడు కొంత భాగం నాఫ్తా అనే తేలిక ద్రవంగానూ వాయువుగానూ పోతుంది. ఆ హైడ్రోజన్ కూడా నేటికీ ఎక్కువగా సహజవాయువు నుంచే వస్తోంది.

బ్యూరెట్:

లారీయా విమానమా అన్న వాదనకు ముందు, ఆ డ్రమ్ములో ఉన్నది నిజంగా వాడిన నూనేనా అని అడగాలి. నేను ప్రయోగశాలలో నూనెల నమూనాలు పరీక్షిస్తాను. ‘ధర పెరిగితే సరుకు పెరగదు’ అని చిన్నడ్రమ్ము గారు అన్నారు. బాణలిలో పెరగదు, నిజమే. కాగితం మీద మాత్రం పెరుగుతుంది. ఐరోపా నిబంధనల ప్రకారం వాడిన నూనెతో చేసిన ఇంధనాన్ని రవాణాలో పునరుత్పాదక ఇంధన లక్ష్యాల లెక్కలో రెండింతలుగా చూపుకోవచ్చు. అందువల్ల కొన్ని కాలాల్లో వాడిన నూనె తాజా పామాయిల్ కంటే ఖరీదు పలికింది. చెత్త అసలు సరుకును మించిన ధర పలికితే, అసలును చెత్తగా చూపించాలన్న ఆశ పుట్టకుండా ఉంటుందా? తాజా పామాయిల్‌నూ వాడిన పామాయిల్‌నూ పక్కపక్కన పెడితే కొవ్వు ఆమ్లాల కూర్పులో పెద్ద తేడా ఉండదు. వేడికి పుట్టే పోలార్ పదార్థాలను కొలవవచ్చు గానీ, వాడిన నూనెలో కొంత తాజా నూనె కలిపితే ఆ కొలత కూడా నమ్మదగిన సాక్ష్యం కాదు. చివరికి మిగిలేది సేకరణ రశీదుల గొలుసు ఒక్కటే. ఆ గొలుసు మొదటి లంకె ఏదో ఒక వంటశాల వెనక తలుపు దగ్గర ఉంటుంది, అక్కడికి తనిఖీదారు అరుదుగా వెళతాడు.

ఐరోపా 2018 నాటి ఆదేశంలో, ఆ రవాణా లక్ష్యాల లెక్కలో వాడిన నూనె, జంతువుల కొవ్వుల ఇంధనాల వాటాకు 1.7 శాతం పరిమితి పెట్టింది. చైనా 2024 డిసెంబరు 1 నుంచి వాడిన నూనె ఎగుమతిపై ఇచ్చే 13 శాతం పన్ను వాపసును ఎత్తేసింది. దాని ఉద్దేశం మోసాన్ని ఆపడం కంటే సరుకును స్వదేశీ రిఫైనరీలకు మిగుల్చుకోవడమేనని నా అభిప్రాయం.

గరాటు:

ఇళ్ల నుంచి నూనె సేకరించే పనిలో ఉన్నాను కనుక ఒక్క మాట. సరుకు పెరగదన్నది వంటశాలల విషయంలోనే నిజం. ఇళ్లలో వాడిన నూనెలో చాలా భాగం ఇంకా సింకులోకే పోతోంది. 2017లో లండన్ వైట్‌చాపెల్ మురుగుకాల్వలో 250 మీటర్ల పొడవున, సుమారు 130 టన్నుల కొవ్వు గడ్డ బయటపడింది, దాన్ని తవ్వి తీయడానికి వారాలు పట్టింది. ఇంటింటికీ తిరిగి అరలీటరు సీసాలు పోగుచేయడం పాత ధరల్లో గిట్టుబాటు కాలేదు, ఇప్పుడు అవుతోంది. విమానాల పోటీ మాకు మేలే చేసింది.

రెక్కలు:

గరాటు గారు చెప్పిన నూనె నిజంగా అదనపు నూనె. దాన్ని ఎవరు వాడినా లాభమే. వంటశాల నూనె విషయంలో చిన్నడ్రమ్ము గారి వాదనకు నేను కొంత తలొగ్గుతున్నాను. ఏ వాహనంలో కాలింది అన్నదాన్ని బట్టి కాక, దూరపు రవాణా, హైడ్రోజన్ కలిపి చూసి నికరంగా ఎంత కర్బనం తగ్గిందన్నదాన్ని బట్టి రాయితీ ఇస్తే, దగ్గరలో సేకరించి దగ్గరలోనే వాడే యూనిట్లు నిలబడతాయి. అయితే లారీలు విద్యుత్తుకు మారిన చోట మీరు ఎవరికి అమ్ముతారన్న ప్రశ్న మీకూ ఉంది.

చిన్నడ్రమ్ము:

ఉంది. జనరేటర్లు, పడవలు, పొలం పనుల యంత్రాలు ఇంకా చాలాకాలం డీజిల్‌నే తాగుతాయి, వాటికి చాలినంత కూడా నేను తీయలేకపోతున్నాను. బ్యూరెట్ గారిని ఒకటి అడగాలి. కొత్తగా ఒక దళారీ ‘వాడిన నూనె’ అని పంపిన నమూనాకు మొదటి మూడు బొట్లకే గులాబీ రంగు నిలిచిపోయింది. ఇంత శుభ్రమైన సరుకు నాకెప్పుడూ తగల్లేదు. రశీదులన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఆ సీసా మీకు పంపితే పోలార్ పదార్థాలు కొలిచి చెబుతారా?

బ్యూరెట్:

పంపండి. రశీదుల నకళ్లు కూడా జతచేయండి, ముందు వాటినే చూస్తాను.