18 నెలలకి టోక్యో: ముగ్గురం వెళ్లాలా, ఆయన్ని ఒక్కరినే పంపాలా? (చెన్నై నుంచి)

పోరూర్ అమ్మాయి:
అందరికీ నమస్తే. మాది నెల్లూరు పక్కన, పెళ్లయ్యాక 9 ఏళ్లుగా చెన్నై పోరూర్‌లో ఉంటున్నాం. మా ఆయన ఒరగడం వైపు ఒక జపాన్ కంపెనీలో చేస్తారు, ఇప్పుడు 18 నెలలు టోక్యో ఆఫీసుకి వెళ్లమంటున్నారు, జూలై చివర్లో బయల్దేరాలి. ఇల్లు నిషికసాయ్‌లో చూస్తామన్నారు, అక్కడ మనవాళ్లు ఎక్కువ ఉంటారంట కదా.

పాపకి 6 నిండాయి, ఒకటో క్లాసు. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు, తమిళం. ఇప్పుడిప్పుడే తమిళంలో తన పేరు తప్పుల్లేకుండా రాస్తోంది, ఇంతలో ఇంకో భాష నెత్తిన పెడితే ఏమైపోతుందో అని నా భయం. నేను అకౌంట్స్‌లో చేస్తాను, ఏడాదిన్నర లీవు ఎవరిస్తారు, మానేయాల్సిందే. అత్తయ్య మాతోనే ఉంటారు, మోకాళ్ల నొప్పులు, "మీరు వెళ్లండమ్మా నా సంగతి నేను చూసుకుంటా" అన్నారు గానీ ఆ మాట అన్న రాత్రి సరిగ్గా అన్నం తినలేదు. మా అమ్మేమో అల్లుణ్ణి పంపించి మీరు ఇక్కడే ఉండండి, ఏడాదిన్నర ఎంతలో అయిపోతుంది అంటోంది.

వెళ్లి వచ్చినవాళ్లు చెప్పండి, పిల్లల్ని ఏ స్కూల్లో వేశారు, అత్తయ్యని తీసుకెళ్లడం కుదురుతుందా, సామాను ఏం పట్టుకెళ్లాలి (మిక్సీ తీసుకెళ్లాలా వద్దా అనేది మా ఇంట్లో పెద్ద గొడవ అయిపోయింది, ఆయన వద్దంటారు, మిక్సీ లేకుండా నేను ఎక్కడికీ రాను). డబ్బుల లెక్క ఆయన చూసుకుంటారు, అది అడగట్లేదు.

దోశపిండి:
ముందు మిక్సీ సంగతి తేల్చేద్దాం అక్కా, మిగతావన్నీ దాని తర్వాతే 😀 అక్కడ కరెంటు 100 వోల్టులు, మనది 230. ఇక్కడి మిక్సీ అక్కడ పెడితే మూలుగుతుంది తప్ప పప్పు నలగదు. స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు గానీ 750 వాట్ల మిక్సీని లాగే ట్రాన్స్‌ఫార్మర్ అంటే ఇటుకలా బరువు, మిక్సీ కంటే దానికే ఎక్కువ చోటు కావాలి. మేము అమెరికా వెళ్లేవాళ్ల కోసం అమ్మే 110 వోల్టుల మిక్సీ టీ నగర్‌లో కొనుక్కెళ్లాం, కొంచెం నెమ్మదిగా తిరిగేది, గారెల పిండికి కాస్త ఓపిక పట్టాలి, అయినా ఉన్న రెండేళ్లూ లాగింది. కుక్కర్ కూడా చూసుకో, ఇంట్లో ఇండక్షన్ స్టవ్ ఉంటే అల్యూమినియం కుక్కర్ ఎందుకూ పనికిరాదు, స్టీలుది అడుగు ఇండక్షన్‌కి పనికొచ్చేది తీసుకో. చాలా ఇళ్లల్లో లైట్లు కూడా మనమే కొనుక్కుని బిగించుకోవాలి, మొదటి రాత్రి మేము ఫోన్ టార్చి వెలుగులో పెరుగన్నం తిన్నాం.

నిషికసాయ్‌లో మన సరుకుల కొట్లు ఉన్నాయి, కందిపప్పు, ఇంగువ, చింతపండు కోసం బెంగ పెట్టుకోవద్దు. ఊరి నుంచి పచ్చళ్లు తీసుకెళ్తే ఆవకాయ, గోంగూర వరకే, చికెన్ పచ్చడి మటన్ పచ్చడి అస్సలు వద్దు, మాంసంతో చేసింది ఏదైనా ఎయిర్‌పోర్ట్‌లో ఆపేస్తారు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా పట్టుకెళ్లొద్దు.

ఇంకోటి, శబ్దం. ఒకరోజు పొద్దున్నే 6కి పల్లీల పచ్చడి తిప్పాను, రెండ్రోజుల తర్వాత లిఫ్టు దగ్గర కాగితం అంటించారు, తెల్లవారుజామున శబ్దం చెయ్యకండి అని. ఫ్లాటు నంబరు లేదు, పేరు లేదు, కానీ అది ఎవరి గురించో బిల్డింగ్ మొత్తానికీ తెలుసు. తలెత్తుకోలేకపోయా వారం రోజులు. వేపుళ్లు చేశాక నూనె సింకులో పోయకు, గడ్డకట్టించే పొడి 100 యెన్ల షాపులో దొరుకుతుంది, వేడి నూనెలో కలిపితే గట్టిపడుతుంది, తీసి కాలే చెత్త రోజున పారేయడమే. ఏ రోజు ఏ చెత్తో క్యాలెండర్ ఇస్తారు, అది ఫ్రిజ్‌కి అంటించేయ్.

స్కూల్ అంటే నా ఓటు ఇండియన్ స్కూల్‌కే. ఆ చుట్టుపక్కల ఇండియన్ స్కూళ్లు ఉన్నాయి, సీబీఎస్ఈ సిలబస్‌వి, ఫీజు గట్టిగానే ఉంటుంది, కంపెనీ ఇస్తుందేమో ముందే రాతపూర్వకంగా అడగండి. 18 నెలల్లో తిరిగొచ్చే పిల్లకి ప్రయోగాలెందుకు.

ఓఎంఆర్ నాన్న:
పై అక్క చెప్పిన చివరి మాటతో నాకు పేచీ ఉంది. మా బాబుని వార్డు ఆఫీసులో అప్లై చేసి పక్క వీధి గవర్నమెంటు స్కూల్లో వేశాం, విదేశీ పిల్లలకి కూడా ఫీజు లేదు, పుస్తకాలు ఉచితం. మొదటి రెండు నెలలు నోరు తెరవలేదు, ఇంటికొచ్చి బాత్రూంలో ఏడ్చేవాడు, మా ఆవిడ తీసేద్దాం అని రోజూ గొడవ. మూడో నెలలో ఒకరోజు సాయంత్రం పార్కులో ఎవడో పిల్లాడితో జపనీస్‌లో తగువాడుతున్నాడు, ఉయ్యాల నాది అంటే నాది అని. ఆ తగువు చూసి మేమిద్దరం ఎంత మురిసిపోయామో చెప్పలేను.

ఒకటో క్లాసు పిల్లలు తలకి పసుప్పచ్చ టోపీ పెట్టుకుని గుంపుగా నడిచి వెళ్లిపోతారు, అమ్మానాన్న దింపడం ఉండదు. క్లాసు వాళ్లే ఊడ్చుకుంటారు, అన్నం వాళ్లే వడ్డించుకుంటారు. సాయంత్రం 5కి వీధి స్పీకర్లలో ఒక పాట ట్యూన్ వస్తుంది, చలికాలంలో ఇంకాస్త ముందే, అది వినగానే పిల్లలందరూ ఇళ్లకి. తిండి దగ్గర మాత్రం జాగ్రత్త, కూరగాయల సూప్‌లా కనిపించినా చేపల రసం ఉంటుంది, బీఫ్, పోర్క్ కూడా మామూలే, మీకు పడకపోతే టీచర్‌కి చెప్పి డబ్బా పంపొచ్చు.

ఇక అసలు ప్రశ్న. నేను మొదటి 7 నెలలు ఒక్కణ్ణే ఉన్నాను, ఇల్లు సెట్ చేసి పిలుస్తానని. అక్కడ టైము మనకంటే మూడున్నర గంటలు ముందు. నేను రాత్రి 8.30కి రూముకి వచ్చి ఫోన్ చేస్తే ఇక్కడ సాయంత్రం 5, వాడు అప్పుడే కింద క్రికెట్‌కి పరిగెత్తేవాడు, వాడు ఖాళీ అయ్యేసరికి నాకు నిద్ర. 7 నెలల్లో వాడితో తీరిగ్గా మాట్లాడింది ఆదివారాలే. వెళ్తే మొదటి నుంచీ కలిసి వెళ్లండి, లేదా అసలు వెళ్లకండి, ఇంకా ఆలస్యంగా వెళ్తే పిల్లకి స్కూల్ సంవత్సరం కూడా మరీ మధ్యలో తెగుతుంది (అక్కడ ఏప్రిల్‌లో మొదలు).

కాగితాల మనిషి:
చిన్నగా రెండు మాటలు. అత్తగారికి డిపెండెంట్ వీసా రాదు, అది భార్యాపిల్లలకే. విజిటర్ వీసా మీద 90 రోజుల వరకు తీసుకెళ్లొచ్చు, అప్పుడు అక్కడి హెల్త్ ఇన్సూరెన్స్ వర్తించదు కాబట్టి ఇక్కడి నుంచే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. మీకు సీఓఈ (వీసాకి ముందు జపాన్ ఇమ్మిగ్రేషన్ ఇచ్చే అర్హత పత్రం) వచ్చాక 3 నెలల్లో అక్కడ దిగాలి, ఇల్లు దొరికాక 14 రోజుల్లో వార్డు ఆఫీసులో అడ్రస్ నమోదు. ఉద్యోగం పూర్తిగా పోయినట్టే అనుకోవద్దు, ఇమ్మిగ్రేషన్‌లో పర్మిషన్ తీసుకుంటే డిపెండెంట్లు వారానికి 28 గంటల వరకు పని చెయ్యొచ్చు.

డబ్బు అడగలేదు అన్నారు, అయినా ఒకటి చెప్పకుండా ఉండలేను. జనవరి 1న అక్కడ నివాసం ఉంటే అంతకుముందు ఏడాది సంపాదన మీద రెసిడెంట్ ట్యాక్స్ కట్టాల్సిందే. మీ 18 నెలలు జనవరి చివరికి అయిపోతాయి, డిసెంబర్‌లోనే బయల్దేరగలిగితే ఆ ఒక్క బిల్లు తప్పుతుంది. ఆయన్ని ఆఫీసులో అడగమనండి.

అంబత్తూర్ అత్తగారి కోడలు:
నీ ప్రశ్నలో నాకు అత్తయ్య గారి అన్నం మాట దగ్గరే మనసు ఆగిపోయింది. మా అత్తగారు కూడా అంతే, రానన్నారు, చెన్నైలో మా ఆడపడుచు ఇంట్లో ఉన్నారు. మార్చి చివర్లో రప్పించాం, పూలు పూసే రోజులు. రోజూ పొద్దున పార్కులో బెంచి మీద కూర్చునేవారు, పక్కన జపాన్ ముసలావిడ. ఈవిడ తెలుగు, ఆవిడ జపనీస్, ఇద్దరూ గంట గంట మాట్లాడుకునేవాళ్లు, ఏం అర్థమయ్యేదో దేవుడికే తెలియాలి. తిరిగి వచ్చేటప్పుడు ఆవిడకి మైసూర్ పాక్ ఇచ్చి వచ్చారు. కాకపోతే స్టేషన్లలో నడక చాలా ఎక్కువ, లిఫ్టు ఉంటుంది కానీ అది ఎప్పుడూ మనకి కావాల్సిన వైపు ఉండదు, మోకాళ్ల నొప్పులంటే దగ్గరి ఊళ్లే ప్లాన్ చేసుకో.

ఎవరూ చెప్పంది ఇంకోటి, వెళ్లడం కంటే తిరిగి రావడమే కష్టం. మా పాప వచ్చిన మొదటి వారం స్కూల్‌కి నేనే నడిచి వెళ్తా అని గేటు దగ్గర భీష్మించుకుని కూర్చుంది. బయట మెయిన్ రోడ్డు, లారీలు, ఎలా పంపిస్తాం? తమిళం మొత్తం మర్చిపోయింది, ఇక్కడ తమిళం తప్పనిసరి కదా, ట్యూషన్ పెట్టి ఏడాది పట్టింది. జపనీస్ మాత్రం ఆరు నెలల్లో ఎగిరిపోయింది, ఇప్పుడు తినే ముందు చెప్పే ఆ ఒక్క మాట మిగిలింది, అది కూడా పెరుగన్నం ముందు చేతులు జోడించి అంటుంది. నువ్వు అక్కడికి రెండు తమిళం వాచకాలు పట్టుకెళ్లు, వారానికి రెండు పేజీలైనా చదివించు.

పోరూర్ అమ్మాయి:
అందరికీ చాలా థాంక్స్ అండీ, నిన్న రాత్రి మొత్తం ఇంట్లో చదివి వినిపించాను. ముగ్గురం కలిసే వెళ్తున్నాం, అది తేలింది. స్కూల్ ఏదనేది ఇంకా తేలలేదు, నేను దోశపిండి అక్క వైపు, ఆయన ఓఎంఆర్ అన్నయ్య వైపు. తమిళం పుస్తకాలు ఇవాళే కొన్నాను. మిక్సీ విషయంలో నేనే గెలిచా, శనివారం టీ నగర్ వెళ్తున్నాం 110ది కోసం.

90 రోజుల సంగతి విని అత్తయ్య ఏమీ అనలేదు. పొద్దున కాఫీ ఇస్తుంటే మాత్రం, పాస్‌పోర్ట్ ఫోటోకి ఏ రంగు చీర అయితే బాగుంటుంది అని అడిగారు.