బ్రిడ్జి పేకాటలో రెండు డైమన్లు అంటే ట్రాన్స్‌ఫరా, డైమన్లేనా?

ప్రశ్న (పర్లాకిమిడి): నా పార్ట్‌నర్ మా బావగారు ఒక నో ట్రంప్‌తో (తురుపు లేకుండా ఆడతామనే బిడ్) వేలం ఓపెన్ చేశారు, పెద్ద ముక్కల లెక్కలో 15–17 పాయింట్లు. అవతలివాళ్లు రెండు కళావర్లు అన్నారు. నాకు ఆఠీన్లు ఆరు, డైమన్లు రెండే. ట్రాన్స్‌ఫర్ (డైమన్లు అంటే నాకు ఆఠీన్లున్నాయి, మీరు ఆఠీన్లు అనండి అని చెప్పడం) అనుకుని రెండు డైమన్లు అన్నాను. బావగారు పాస్! ఆయన డమ్మీ (బల్ల మీద తెరిచిపెట్టే పార్ట్‌నర్ ముక్కలు) పరిస్తే డైమన్లు మూడు. ఇద్దరికీ కలిపి ఐదు తురుపులు! ఇల్లు చేరేదాకా మాట్లాడుకోలేదు. తప్పెవరిది?

జవాబు: ఇద్దరిదీనండీ. మధ్యలో బిడ్ పడితే ట్రాన్స్‌ఫర్ ఉంటుందో పోతుందో ముందే అనుకోవాలి. మేము రెండు కళావర్లకి ఏమీ మార్చం, ట్రాన్స్‌ఫర్ అలాగే ఉంటుంది, అక్కడ డబుల్ అంటే స్టేమన్ (నాలుగు ఆఠీన్లో ఇస్పేట్లో ఉన్నాయా అని పార్ట్‌నర్‌ని అడగడం). అంతకు పైన బిడ్ వస్తే ట్రాన్స్‌ఫర్లు ఉండవు.

జవాబు (రాయగడ): కన్వెన్షన్ కార్డు (పార్ట్‌నర్లు తమ బిడ్ల ఒప్పందాలు రాసుకునే కార్డు) మీద రాసుకోండి. పార్ట్‌నర్ మొహం చూసి బిడ్ మార్చడం నియమాలకు విరుద్ధం.

పర్లాకిమిడి: ఈ ఆదివారమే బావగారితో కూర్చుని రాసేస్తాను.