జీతం అడిగేటప్పుడు సర్వే అంకె మనకు బలమా, బరువా?

కృష్ణాతీరం:
న్యూజెర్సీలో బయోస్టాటిస్టీషియన్‌ని, అంటే వైద్య పరిశోధనల్లో గణాంకాలు చూసేదాన్ని. ఎం.ఎస్. అయ్యాక క్లినికల్ ట్రయల్స్‌లోనే (మనుషుల మీద మందుల పరీక్షలు) ఆరేళ్లు. పోయిన నెల రివ్యూలో జీతం పెంచమని అడిగితే మేనేజరు స్క్రీన్ మీద ఒకే అంకె పెట్టారు. 2023 మే నెలకు అమెరికా కార్మిక గణాంక బ్యూరో ఇచ్చిన స్టాటిస్టీషియన్ల మీడియన్ జీతం అది (సగం మందిది దానికి పైన, సగం మందిది కింద), ఏడాదికి 1,04,110 డాలర్లు. "మీరు దీనికి దగ్గర్లోనే ఉన్నారు కదా" అన్నారు. నోట మాట రాలేదు. అప్పట్నుంచీ అదే టెన్షన్. ఈ సర్వేలు కంపెనీల చేతిలో కర్రలే తప్ప మనకు ఒరిగేదేమీ లేదని నాకు గట్టిగా అనిపిస్తోంది. కాదంటారా?

పాతకాపు:
కాదంటానమ్మా. తప్పు సర్వేది కాదు, దాని పట్టికలోంచి చూపించిన వరసది. ఆ బ్యూరో లెక్క ఉద్యోగుల్ని అడిగి తీసింది కాదు. మూడేళ్ల మీద సుమారు 11 లక్షల సంస్థల నుంచి తీసుకున్నది. అందులో సంవత్సరాంతపు బోనస్ ఉండదు, కంపెనీ షేర్లు ఉండవు, ఓవర్‌టైమ్ ఉండదు. సొంతంగా కన్సల్టింగ్ చేసుకునేవాళ్లు అసలు లేరు. ప్రభుత్వం, బీమా, ఫార్మా, యూనివర్సిటీ అన్నీ ఒకే కుప్ప. కానీ అదే బ్యూరో రాష్ట్రాల వారీగా, నగరాల వారీగా కూడా ఇస్తుంది. 10 నుంచి 90 దాకా పర్సెంటైల్స్ పక్కపక్కనే ఉంటాయి. 75వ పర్సెంటైల్ అంటే నూటికి 75 మంది జీతం దానికంటే తక్కువన్నమాట. మీ మేనేజరు దేశమంతటి మీడియన్ ఎత్తి చూపితే మీరు న్యూజెర్సీ వరసలో 75వ పర్సెంటైల్ చూపించండి. ఆరేళ్ల అనుభవాన్ని, నిన్న చేరినవాళ్లతో కలిపిన అంకెతో ఎందుకు కొలవాలి?

నమూనా:
అన్నా, వరస మార్చినా చిక్కు తీరదు. 2018లో వృత్తుల కోడ్‌లు సవరించినప్పుడు డేటా సైంటిస్టుకు వేరే కోడ్ వచ్చింది. నా బల్లా, పక్క బల్లా ఒకే మోడల్ మీద పనిచేస్తాం. పేరు వేరు కాబట్టి ఇద్దరం రెండు వేర్వేరు లెక్కల్లో పడతాం. పోనీ అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ సర్వే చూద్దామా? వ్యాపార, పారిశ్రామిక, ప్రభుత్వ రంగాల వాళ్లను వేరుగా అడుగుతారు, డిగ్రీ, అనుభవం వారీగా విడదీస్తారు, బాగానే ఉంది. కానీ అడిగేది సభ్యుల్ని, జవాబిచ్చేది ఇష్టమున్నవాళ్లు. వీసా మీద కాంట్రాక్ట్ పని చేసే మనవాళ్లలో ఎంతమంది సభ్యత్వం కడుతున్నారు? జవాబివ్వనివాళ్ల సంగతి తెలియకుండా వచ్చిన మీడియన్‌ను మన ప్రాజెక్టులో అయితే ఒప్పుకుంటామా?

గోరింటాకు:
తమ్ముడూ, ఒప్పుకోం. కానీ చేతిలో ఏమీ లేకపోవడం ఇంకా ప్రమాదం. నేను చేరినప్పుడు నాకు తెలిసిన జీతం మా రూమ్మేట్‌ది ఒక్కటే, అదే లోకమనుకున్నాను. మూడో ఏట మా ఆఫీసు ప్యాంట్రీలో, మైక్రోవేవ్ పక్క గోడకు ఒక ఎల్‌సీఏ (వీసా ఉద్యోగి కోసం కంపెనీ కార్మిక శాఖకు పెట్టే దరఖాస్తు) నోటీసు అతికించారు. హెచ్-1బి వీసా మీద ఎవరినైనా తీసుకుంటే ఆ కాగితం పెట్టాలి, జీతం అందులో ఉంటుంది. నా హోదాయే, నా ఊరే, నాకంటే 14 వేల డాలర్లు ఎక్కువ. కాఫీ చల్లారిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. అప్పుడు అసోసియేషన్ పట్టికలో నా డిగ్రీ, నా అనుభవం ఉన్న గడి వెతికి, ఆ రెండూ కలిపి పట్టుకెళ్లాను. మొత్తం రాలేదు, చాలావరకు వచ్చింది. సర్వేలో లోపముందని దాన్ని పారేస్తే నష్టపోయేది అడగడానికి జంకేవాళ్లే, అందులో మన ఆడపిల్లలే ఎక్కువ.

నమూనా:
అక్కా, నోటీసు విషయం ఒప్పుకుంటున్నాను. అది అంచనా కాదు, మీ ఆఫీసు సొంత అంకె. నేననేదీ అదే: సర్వే కంటే ఇలాంటి కాగితమే నయం. ప్రైవేటు కంపెనీల్లో మేనేజర్లు కాని ఉద్యోగులు జీతాలు చెప్పుకోవడానికి 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టమే హక్కు ఇచ్చింది. అయినా మనం సొంత స్నేహితుడికి కూడా చెప్పం. ఆ మౌనం పోకపోతే ఏ సర్వేకి జవాబిచ్చి ఏం లాభం?

పాతకాపు:
చెప్పుకోవాలి, సర్వేకీ జవాబివ్వాలి. మనవాళ్లు లేరని నువ్వే అంటున్నావు, నింపకపోతే ఎలా కనిపిస్తారు?

కృష్ణాతీరం:
అందరి మాటలూ రెండేసిసార్లు చదివాను. న్యూజెర్సీలో 2025 జూన్ 1 నుంచి ఉద్యోగ ప్రకటనల్లో జీతం పరిధి చూపించాలన్న చట్టం వచ్చింది కదా, నిన్న రాత్రి మా కంపెనీ ప్రకటనలే తిరగేశాను. నా హోదాకే ప్రకటన ఉంది, నా జీతం ఆ పరిధిలో కింది అంచుకు ఆనుకుని ఉంది. ఆ ప్రకటన, న్యూజెర్సీ వరస ప్రింట్ తీశాను. గురువారం మళ్లీ మీటింగ్ అడిగాను. ఏమైందో ఇక్కడే రాస్తాను.