విలాపవాక్యములు 3:23 – ఆ వచనానికి ముందూ వెనుకా

“అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది” అన్న మాట ఏ సందర్భంలోదని సమూహంలో ఒకరు అడిగారు. వాగ్దాన కార్డుల మీద, ఉదయకాల ప్రార్థనల్లో ఈ మాట మనకు చిరపరిచితమే గాని, అది వెలువడిన విలాపవాక్యముల గ్రంథాన్ని ఆసాంతం చదివేవారు తక్కువ. అలా చదవనందువల్ల మనం పోగొట్టుకుంటున్నది చాలా ఉందని నేను నమ్ముతున్నాను.

క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సైన్యం యెరూషలేమును, దేవాలయాన్ని నేలమట్టం చేసిన దుఃఖంలోంచి పుట్టిన ఐదు గీతాలివి. ఇవి యిర్మీయా ప్రవక్తవని సంప్రదాయం చెబుతుంది. హెబ్రీ మూలంలో మాత్రం రచయిత పేరు లేదు. అధ్యాయాల వచనసంఖ్య చూడండి: 22, 22, 66, 22, 22. హెబ్రీ వర్ణమాలలో అక్షరాలు 22. మొదటి నాలుగు గీతాల్లో వచనాలు దాదాపు ఆ అక్షరాల వరుసలోనే మొదలవుతాయి. మూడవ గీతంలో ఒక్కో అక్షరానికి మూడేసి వచనాలు. ఐదవదానిలో లెక్క మిగిలింది గాని క్రమం లేదు. తెలుగులో ఈ కూర్పుకు ఆనవాలుగా నిలిచినవి ఆ అంకెలే.

ఇక మన వచనం. మూడవ గీతంలో మాట్లాడే మనిషి దేవుణ్ణి పొంచివున్న ఎలుగుబంటితో పోలుస్తాడు, తన ప్రార్థన ఆయన చెవికి చేరడం లేదంటాడు, 18వ వచనానికి వచ్చేసరికి యెహోవాయందు తనకిక ఆశ లేదనుకున్నానని ఒప్పుకుంటాడు. అది జరిగిన కొద్ది వచనాలకే, ‘హేత్’ అనే ఎనిమిదో అక్షరంతో మొదలయ్యే 22, 23, 24 వచనాల్లో, ఆయన కృపను, ప్రతి ఉదయం కొత్తదయ్యే వాత్సల్యాన్ని, “యెహోవా నా భాగము” అన్న నమ్మికను ఒకే ఊపులో పలుకుతాడు. అయినా గీతం అక్కడితో ముగియదు. 48వ వచనంలో అతని కన్నీళ్లు మళ్లీ ఏరులై పారుతున్నాయి. కష్టం గట్టెక్కాక చేసిన సాక్ష్యం కాదిది, శిథిలాల నడుమ నిలబడి పలికిన విశ్వాసం. ఈ ఒక్క సంగతి గ్రహిస్తే, మన ప్రార్థనలో ఫిర్యాదుకూ స్తుతికీ ఒకే చోట స్థానముందని తెలుస్తుంది.

గ్రంథమంతటిలోనూ దేవుడు నేరుగా మాట్లాడడు. 3:57లో, ఆయన ఒకనాడు “భయపడకుము” అన్నాడని బాధితుడు గుర్తుచేసుకోవడం ఒక్కటే మనకు వినిపించే ఆయన మాట. చివరి వచనం కూడా తిరస్కార భయంతోనే ఆగిపోతుంది. అందువల్లే యూదులు దేవాలయ నాశనాన్ని స్మరించే ఆబ్ మాసపు తొమ్మిదవనాడు దీన్ని చదివి, ముగింపులో, తమను మళ్లీ తనవైపు తిప్పుకొమ్మని దేవుణ్ణి వేడే 5:21ని మరోసారి పలుకుతారు.

అడిగిన మిత్రులకు నా విన్నపం: మూడవ అధ్యాయాన్ని పైకి చదవండి, మూడేసి వచనాలకొకసారి ఆగండి. అక్షరం మారే చోటు అదే. చాలాచోట్ల భావం మలుపు తిరిగేదీ అక్కడే.