వేల్స్ సెనెద్‌లో అందరికీ ఇంగ్లిష్ వచ్చు కదా, వెల్ష్‌లో ఎందుకు మాట్లాడాలి?

బ్యారీ_తీరం:
మొన్న మంగళవారం సెలవు పెట్టి కార్డిఫ్ బేలో ఉన్న సెనెద్‌కి వెళ్లొచ్చాను. తెలియనివాళ్లకు చెప్తాను. సెనెద్ అంటే బ్రిటన్‌లో భాగమైన వేల్స్ పార్లమెంటు, పేరు చివర మన 'ద' పలికితే సరిపోతుంది. ఆరోగ్యం, చదువులు, వ్యవసాయం వంటివి దీని చేతిలో ఉంటాయి. వీసాలు, పోలీసులు, సైన్యం లండన్ చూసుకుంటుంది. 2026 మే ఎన్నికల దాకా 60 మంది సభ్యులు, ఆ ఎన్నికల నుంచి 96 మంది.

నేను వెళ్లడానికి కారణం మా వారి మోకాలు. ఆపరేషన్ కోసం వెయిటింగ్ లిస్టులో చేరి 14 నెలలైంది. మంగళవారం మధ్యాహ్నం 1:30కి ఫస్ట్ మినిస్టర్‌ని, అంటే మన ముఖ్యమంత్రి లాంటివారిని, సభ్యులు ప్రశ్నలు అడుగుతారు, ఆస్పత్రుల సంగతి తప్పకుండా వస్తుందన్నారు. లోపల ఎయిర్‌పోర్టులో లాగే తనిఖీ. పైకప్పు మధ్యలోంచి చెక్క గరాటు ఒకటి దిగినట్టుంటుంది, దాని కింద సభ గుండ్రంగా ఉంటుంది. మనం పై గ్యాలరీలో కూర్చుని అద్దంలోంచి చూడాలి. సీటు దగ్గర హెడ్‌ఫోన్లు పెట్టారు.

నేను ఎదురుచూసిన ప్రశ్న వచ్చింది. ఒకావిడ లేచి వెల్ష్‌లో మొదలుపెట్టింది. నేను హెడ్‌ఫోన్ సర్దుకునేలోపు సగం అయిపోయింది. జవాబు కూడా సగం వెల్ష్‌లోనే. అనువాదం చేసే ఆయన బాగా చేస్తున్నాడు, కాదనను. కానీ అక్కడ ఆవిడ చెయ్యి ఊపుతూ కోపంగా అడుగుతుంటే నా చెవిలో మాత్రం వాతావరణ వార్తలు చదివినట్టు చల్లగా వినిపిస్తోంది. ఆ కోపం నాకోసమే కదా, నా చెవి దాకా రావాలి కదా! తర్వాత వచ్చే వారం సభ కార్యక్రమం, చర్చలు, సాయంత్రం కంప్యూటర్ల మీద నొక్కి ఓటింగ్. ఓటింగ్ వేళకి గ్యాలరీలో పట్టుమని పదిమంది లేము.

అక్కడున్న ప్రతి ఒక్కరికీ ఇంగ్లిష్ వచ్చు. ప్రశ్న జనం కోసమైతే అందరికీ అర్థమయ్యే భాషలో అడగొద్దా? మీరేమంటారు?

మానుకోట98:
అడగాలి. అక్కడ అనువాదం ఒకవైపే జరుగుతుంది, వెల్ష్ నుంచి ఇంగ్లిష్‌కి. ఇంగ్లిష్ నుంచి వెల్ష్‌కి చేసేవాళ్లు ఉండరు. ఎందుకు? అవసరం లేదు కాబట్టి. ఇంతకన్నా రుజువు ఏం కావాలి? 2021 జనాభా లెక్కల్లో వెల్ష్ మాట్లాడగలమని చెప్పినవాళ్లు 17.8 శాతం. మిగతా 82 మంది మాటేమిటి?

ఇంకో మాట. నాలుగేళ్లుగా ఇక్కడ డేటా ఉద్యోగాలు చేస్తున్నాను. ఒక ప్రభుత్వ సంస్థ ప్రకటనలో 'వెల్ష్ వస్తే మంచిది' అని రాశారు. ఇంటర్వ్యూ బాగా అయింది. చివరికి వెల్ష్ వచ్చిన అమ్మాయికి ఇచ్చారు. ఆ ఉద్యోగంలో రోజంతా చూసేది అంకెలే.

గోదారిగట్టు:
బ్యారీ_తీరం గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఈ ప్రశ్నకి జవాబు ఆ మంగళవారంలో దొరకదు, కాస్త వెనక్కి వెళ్లాలి.

1536 చట్టంతో వేల్స్ కోర్టుల్లో ఇంగ్లిష్ ఒక్కటే అన్నారు. వెల్ష్ వాడేవాడికి ప్రభుత్వ పదవి లేదన్నారు. పందొమ్మిదో శతాబ్దంలో చాలా బళ్లలో వెల్ష్ మాట్లాడిన పిల్లాడి మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసేవారు, దాన్ని 'వెల్ష్ నాట్' అంటారు. ఇంకో పిల్లాడు వెల్ష్ మాట్లాడితే అది వాడి మెడకి మారేది. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాడికి దెబ్బలు. పిల్లలే పిల్లల మీద నిఘా పెట్టాలన్నమాట. ఇది మొదటిసారి విన్నప్పుడు నాకు రాత్రి నిద్రపట్టలేదు.

1980లో వేల్స్ జాతీయవాద పార్టీ ప్లైడ్ కమ్రీ నాయకుడు గ్విన్‌ఫర్ ఎవాన్స్, వెల్ష్ టీవీ ఛానెల్ పెడతామన్న మాట ప్రభుత్వం తప్పితే ఆమరణ నిరాహార దీక్ష చేస్తానన్నాడు. బ్రిటన్ ప్రధాని థాచర్ ప్రభుత్వం వెనక్కి తగ్గింది, 1982లో ఛానెల్ వచ్చింది. పొట్టి శ్రీరాములు గారిని కన్న నేల మీద పుట్టినవాళ్లం, ఇది మనకు ఒకరు చెప్పాలా? ఆయన 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలాకే కదా ఢిల్లీ కదిలింది.

ఈ సభ కూడా ఊరికే రాలేదు. 1997 రిఫరెండంలో ఔనన్నవాళ్లు 50.3 శాతం, తేడా 6,721 ఓట్లు. సొంతంగా చట్టాలు చేసే పూర్తి అధికారం వచ్చాక 2012లో చట్టంగా మారిన మొదటి బిల్లు ఏదో తెలుసా? సభలో రెండు భాషలూ సమానమని చెప్పే అధికార భాషల బిల్లు. అంతకు కొన్నేళ్ల ముందు ఖర్చు తగ్గించుకోవడానికి సభ రికార్డు మొత్తాన్ని వెల్ష్‌లోకి మార్చడం ఆపేస్తే పెద్ద గొడవైంది. వెల్ష్‌కి ఖర్చు ఎక్కువని ఎవరైనా అన్నా, ఆ వాదన అప్పుడే ఓడిపోయింది.

పాలకొల్లు_బాబు:
మా ఊళ్లో బ్యాంకు ఫారం కూడా తెలుగులో దొరకదు. వాళ్లను చూసి నేర్చుకోవాలి.

లా_పాయింట్:
ఒక తేడా గమనించండి. మన రాజ్యాంగం 210వ అధికరణం ప్రకారం శాసనసభలో తెలుగులో మాట్లాడొచ్చు. కానీ 348వ అధికరణం ప్రకారం చట్టానికి ప్రామాణిక పాఠం ఇంగ్లిష్‌దే. బిల్లు తెలుగులో పెట్టినా, గవర్నర్ పేరిట వచ్చే ఇంగ్లిష్ అనువాదమే ప్రామాణికం. వేల్స్‌లో అలా కాదు, రెండు భాషల పాఠాలకూ కోర్టులో ఒకే విలువ. కాబట్టి సభలో వెల్ష్ ఎందుకనే ప్రశ్నే తప్పు. చట్టం ఆ భాషలో పుడుతున్నప్పుడు చర్చ కూడా ఆ భాషలో జరగాలి.

మానుకోట98:
నేను అడిగింది ఒకటి, మీరు చెప్పేది ఇంకొకటి. మళ్లీ అడుగుతున్నాను. అనువాదం ఒకవైపే ఎందుకుంది? ఇంగ్లిష్ అర్థం కాని సభ్యుడు ఒక్కడైనా ఉన్నాడా? లేడు. అంటే అది అవసరం కాదు, గౌరవం కోసం. గౌరవం కోసమని ఒప్పుకోండి, అప్పుడు మాట్లాడుకుందాం.

గోదారిగట్టు:
ఒకవైపే ఉందంటే అర్థం ఏంటి తమ్ముడూ? వెల్ష్ వాడు రెండు భాషలు మోస్తున్నాడు, ఇంగ్లిష్ వాడు ఒక్కటే మోస్తున్నాడు. బరువంతా ఎవరి భుజం మీదుంది? మన ఆఫీసుల్లో మనం రోజంతా ఇంగ్లిష్ మాట్లాడి ఇంటికొచ్చి తెలుగులో ఊపిరి పీల్చుకోమా? ఆ సభ్యురాలు ఐదు నిమిషాలు తన భాషలో మాట్లాడితే మిగతావాళ్లు హెడ్‌ఫోన్ పెట్టుకోవాలి, అంతే. అవును, గౌరవం కోసమే. గౌరవం అంటే అంత చిన్న విషయమా?

న్యూపోర్ట్_నర్స్:
డ్యూటీ దిగి చదువుతున్నాను. నేను మొదట కార్మార్థెన్ వైపు ఒక ముసలివాళ్ల వార్డులో పనిచేశాను. మతిమరుపు జబ్బు ముదిరిన ఒక పెద్దావిడకి ఇంగ్లిష్ మొత్తం పోయింది. చిన్నప్పటి వెల్ష్ ఒక్కటే మిగిలింది. నొప్పి ఎక్కడుందో చెప్తోంది, నాకు తెలియడం లేదు. వంటగదిలో పనిచేసే అమ్మాయిని పిలిచి అడిగించేవాళ్లం. అప్పుడు ఇరవై మాటలు నేర్చుకున్నాను. నొప్పి, నీళ్లు, భయపడకండి, అమ్మాయి వస్తోంది. 'అందరికీ ఇంగ్లిష్ వచ్చు' అనేది ఆరోగ్యంగా ఉన్నంతవరకే నిజం.

మానుకోట98:
అక్కా, మీ మాటతో నాకు తగాదా లేదు. ఆస్పత్రిలో కావాలి, వంద శాతం కావాలి. కానీ సభలో కూర్చున్నవాళ్లకి ఏ జబ్బూ లేదు. రోగి అవసరాన్ని చూపించి నాయకుడి గౌరవాన్ని సమర్థించొద్దు. ఆ పేరు మీదే ఉద్యోగాలకు గేటు పెడుతున్నారు. 2050 నాటికి పది లక్షల మంది వెల్ష్ మాట్లాడాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. 2011లో 5,62,000 ఉన్నవాళ్లు 2021లో 5,38,000కి తగ్గారు. మరి ఈ సభ, ఈ హెడ్‌ఫోన్లు ఏం సాధించాయి?

గోదారిగట్టు:
మీకు ఒక ఉద్యోగం రాలేదని ఒక జాతి నోరు మూసుకోవాలా? 11 ఏళ్లుగా ఇక్కడున్నాను, మా పాపను వెల్ష్ మీడియం బడిలో వేశాను. ఎవరూ మమ్మల్ని గేటు బయట నిలబెట్టలేదు. నేర్చుకోవడానికి ఓపిక లేనివాళ్లే గేటు గురించి మాట్లాడతారు. అమ్మ భాష విలువ తెలిసినవాడు ఎవడూ ఇంకొకరి అమ్మ భాషని అనవసరం అనడు. మీకు తెలుగు మీద ఎంత ప్రేముందో మీ మాటల్లోనే కనిపిస్తోంది.

పాలకొల్లు_బాబు:
అన్నా, ఆ చివరి మాట వద్దు.

మానుకోట98:
వద్దులే బాబూ, అననివ్వు. ఇప్పుడు చెప్తాను.

నా అమ్మ భాష తెలుగు కాదు. మాది మానుకోట దగ్గర తండా. ఇంట్లో మేము గోర్ బోలి మాట్లాడతాం, మీరు లంబాడీ అంటారు. ఆరేళ్లకు నన్ను హాస్టల్లో వేశారు. మొదటి నెల నాకు సార్ చెప్పేది ఒక్క ముక్క అర్థం కాలేదు. రాత్రిపూట మా తండా పిల్లాడితో మా భాషలో గుసగుసలాడితే, ఎవరు మాట్లాడారో చెప్పమని మిగతా పిల్లల్ని అడిగేవాడు వార్డెన్. చెప్పినవాడికి మెప్పు, మాకు బెత్తం. గోదారిగట్టు అన్నా, మీరు చెక్కముక్క కథ విని ఒక రాత్రి నిద్రపోలేదన్నారు. నేను చాలా రాత్రులు నిద్రపోలేదు. నా మెడలో చెక్కముక్క లేదు, అంతే తేడా. అక్కడ చెలామణి అయిన భాష ఇంగ్లిష్ కాదు, మీరు ప్రేమించమంటున్న తెలుగు.

తర్వాత వరంగల్‌లో ఇంజినీరింగ్. అక్కడ ఇంగ్లిష్ ఎవరికీ సరిగా రాదు, నాకూ రాదు. మొదటిసారి అందరం ఒకే గీత మీద నిలబడ్డాం. నాకు ఇంగ్లిష్ మీద ఉన్నది ఆ కృతజ్ఞత. ఒక భాషని తీసుకొచ్చి సభలో పెద్దపీట వేసినప్పుడల్లా, ఆ పీట కింద ఎవరు నలుగుతారా అని చూస్తాను. నాకు అలవాటైపోయింది.

లా_పాయింట్:
350-ఎ అధికరణం ఉంది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని.

మానుకోట98:
మా హాస్టల్ దాకా రాలేదండీ ఆ అధికరణం.

గోదారిగట్టు:
చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ చివరి వాక్యం నేను రాయకూడదు. క్షమించు తమ్ముడూ.

కానీ నువ్వు చెప్పింది మొత్తం ఒప్పుకోలేను, అది కూడా చెప్పాలి. నీకు అందరినీ ఒకే గీత మీద నిలబెట్టిన ఇంగ్లిషే ఇక్కడ నీ వార్డెన్ చేసిన పని చేసింది. అందుకే ఆ సభలో వెల్ష్ వినిపిస్తే నాకు సంతోషం. నీ హాస్టల్లో గోర్ బోలి వినిపించి ఉంటే కూడా అంతే సంతోషపడేవాణ్ణి, కానీ అప్పుడు నేను నీ బెంచీ పక్కన కూర్చున్న తెలుగు పిల్లాడినై ఉండేవాణ్ణి. వార్డెన్ అడిగితే చెప్పేవాణ్ణేమో. ఆ మాటే రాత్రి నుంచి తొలుస్తోంది.

ఇంకోటి కూడా ఉంది. మా పాప బడిలో వెల్ష్, ఆటల్లో ఇంగ్లిష్. రాజమండ్రి నుంచి మా అమ్మ వీడియో కాల్ చేస్తే 'తిన్నాను, బాగున్నాను' తప్ప మూడో మాట రాదు. పాప పాటల పోటీలో వెల్ష్‌లో పాడితే చప్పట్లు కొట్టి ఇంటికొచ్చాను, ఆ వీడియో చూసి మా అమ్మ 'ఏం పాడిందిరా' అని అడిగింది. నాకు కూడా సగమే తెలుసు. ఆ దిగులు నీ మీద చూపించాను.

మానుకోట98:
క్షమాపణ దేనికన్నా. మీరు వెల్ష్ వాళ్ల పక్కన నిలబడి చూస్తున్నారు, నేను వెల్ష్ రాక బయట నిలబడినవాడి పక్కన నిలబడి చూస్తున్నాను. మా అమ్మ నాకు ఫోన్లో గోర్ బోలిలోనే మాట్లాడుతుంది. నేను జవాబు తెలుగులో ఇస్తాను. ఎప్పుడు మారిపోయిందో గుర్తులేదు.

ఉద్యోగాల విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. అంకెలు చూసే పనికి భాష అడగకూడదు.

బ్యారీ_తీరం:
మీ అందరి మాటలూ రెండుసార్లు చదివాను. ఏడుపొచ్చింది కూడా. కానీ నేను ఏ పని మీద వెళ్లానో అందరూ మర్చిపోయారు. మోకాలు! ఆవిడ ఏ భాషలో అడిగినా, వచ్చిన జవాబు 'ఇంత డబ్బు కేటాయించాం, పరిస్థితి మెరుగవుతోంది' అని. ఎప్పుడవుతుందో చెప్పలేదు. మా వారు మెట్లు ఎక్కలేక కింద హాల్లో పడుకుంటున్నారు.

న్యూపోర్ట్_నర్స్:
శాంతంగా వినండి అక్కా. 2026 మే ఎన్నికల దాకా మీకు ఐదుగురు సభ్యులు, మీ నియోజకవర్గం మనిషి ఒకరు, ప్రాంతీయ జాబితా నుంచి నలుగురు. ఆ ఎన్నికల తర్వాత ప్రతి నియోజకవర్గానికీ ఆరుగురు. వాళ్లలో ఎవరికైనా రాయొచ్చు. సిటిజన్‌షిప్ లేకపోయినా ఇక్కడ చట్టబద్ధంగా ఉంటున్న మనకి సెనెద్ ఎన్నికల్లో ఓటుంది, కాబట్టి మొహమాటపడొద్దు. సభలో లేచి అడిగేది టీవీ కోసం కూడా. మీకు కావలసింది లిఖితపూర్వక ప్రశ్న. సభ్యుడు మంత్రికి పంపిస్తాడు, జవాబు కాగితం మీద వస్తుంది, తర్వాత 'మీరే ఇలా అన్నారు' అని పట్టుకోవచ్చు. ఆస్పత్రి ఇచ్చిన రిఫరల్ తేదీ, నొప్పి వల్ల ఏ పనులు ఆగిపోయాయో తేదీలతో రాయండి. నేను సరిచూసి పెడతాను.

బ్యారీ_తీరం:
రేపు ఉదయం కూర్చుని రాస్తాను. ఇంగ్లిష్‌లోనే రాస్తాను. ఆ రోజు వెల్ష్‌లో అడిగినావిడకే పంపిస్తాను, అంత కోపంగా అడిగింది కదా.